ఫోన్ ఫొటో నుంచి లినో అచ్చు దాకా: తాటిచెట్టు బొమ్మతో నేర్చుకునే సమగ్ర పద్ధతి

కంప్యూటర్‌లో ఫొటోను దిద్దే పని ఒకచోట, చేతితో చెక్కి అచ్చు వేసే పని మరోచోట నేర్చుకోవడం మన దగ్గర అలవాటైపోయింది. ఈ రెండింటినీ ఒకే బొమ్మ మీద, ఒకదాని వెంట ఒకటిగా నేర్చుకున్నప్పుడే రెండూ సరిగ్గా వంటబడతాయని నా గట్టి నమ్మకం. సాఫ్ట్‌వేర్‌లో ఒక్క నొక్కుతో ఏ ఫొటో అయినా నలుపు తెలుపుగా మారిపోతుంది, కానీ ఆ నలుపులో ఏది ఉండాలో, ఏది పోవాలో అది నిర్ణయించలేదు. ఆ నిర్ణయం చూసేవారి కన్ను తీసుకోవాలి. ఉలి పట్టి తెల్ల భాగాన్ని స్వయంగా తవ్వినవారికి, మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు ప్రతి తెల్ల చుక్క వెనుక ఎంత పని ఉందో అర్థమవుతుంది.

మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన చిత్రకారుడు కె. లక్ష్మా గౌడ్ ఎచింగ్‌లలో (లోహపు రేకు మీద యాసిడ్‌తో గీతలు కొరికించి తీసే అచ్చుల్లో) తెలంగాణ పల్లె మనుషులు, మేకలు, చెట్లు కేవలం గీతల బలంతో నిలబడ్డాయి. చిత్రకారుడు నందలాల్ బోస్ 1930లో దండి యాత్ర సందర్భంగా చెక్కిన గాంధీ లినోకట్‌లో (లినోలియం షీటును చెక్కి తీసే అచ్చులో) నల్లని నేపథ్యం మీద కొన్ని తెల్ల గీతలు తప్ప మరేమీ లేవు, అయినా కర్ర పట్టి నడిచే ఆ మనిషిని ఎవరైనా గుర్తుపడతారు. మొదలుపెట్టే ముందు ఆ లినోకట్‌ను తీరిగ్గా చూడండి. అందులో ఏమేం వదిలేశారో లెక్కపెట్టుకుంటే ఈ మార్గదర్శిలో సగం విషయం అక్కడే బోధపడుతుంది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో బొమ్మకు వస్తువు వెతుక్కోనక్కర్లేదు. పిల్లలమర్రి ఊడలు, పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం స్తంభాలు, దేవరకొండ కోట బురుజులు అన్నీ అచ్చుకు పనికొచ్చేవే. అయితే మొదటి బొమ్మకు నేను తాటిచెట్టునే సూచిస్తాను. పిల్లలమర్రి ఊడల్లో వెలుగునీడలు చిక్కుపడి ఉంటాయి, వాటిని విడదీయడానికి కొంత అనుభవం కావాలి. తాటిచెట్టుకు ఆకాశం మీద స్పష్టమైన రూపం ఉంటుంది, కల్లు గీయడానికి చెట్టెక్కిన గౌడన్న ఉంటే బొమ్మకు ప్రాణం వస్తుంది.

కావలసిన సామగ్రి

గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్ చాలు, పాత ల్యాప్‌టాప్ అయినా ఈ పనికి సరిపోతుంది. చెక్కడానికి 15 × 20 సెంటీమీటర్ల లినోలియం ముక్క కావాలి. అవిసె నూనె, కార్క్ బెరడు పొడి కలిపి గోనె బట్ట మీద పరిచి తయారుచేసే ఈ షీటు సాధారణంగా 3 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. ఇది హైదరాబాద్‌లోని ఆర్ట్ సామగ్రి దుకాణాల్లోనో, ఆన్‌లైన్‌లోనో దొరుకుతుంది. అంతదాకా వెళ్లలేనివారు టింబర్ డిపోలో నున్నటి ప్లైవుడ్ ముక్క కోయించుకుని వుడ్‌కట్ చేయవచ్చు. ప్లైవుడ్‌లో కర్ర పొరకు అడ్డంగా చెక్కినప్పుడు అంచులు పెచ్చులు లేస్తాయి కనుక సన్నని గీతలు పెట్టుకోకూడదు.

వి ఆకారపు ఉలి ఒకటి, యు ఆకారపు ఉలులు చిన్నదీ పెద్దదీ ఒక్కొక్కటి, ఒక సానరాయి, రబ్బరు రోలర్, సిరా పరచడానికి అంచులు అరగదీసిన గాజు పలక, రుద్దడానికి చెక్క గరిటె, పలుచని హ్యాండ్‌మేడ్ కాగితం మిగతా సామాను. సిరా విషయంలో మన వాతావరణాన్ని గుర్తుపెట్టుకోవాలి. నీటితో కలిసే బ్లాక్ ప్రింటింగ్ సిరా మన ఎండాకాలంలో రోలర్ మీదనే ఎండిపోయి కాగితాన్ని అంటుకుంటుంది. నూనె సిరా అలా తొందరపెట్టదు. ఊళ్లో ఆఫ్‌సెట్ ప్రెస్సు ఉంటే, అక్కడ వాడే నల్ల సిరా చిన్న డబ్బాడు అడిగి కొనుక్కోండి, లినో మీద అది చక్కగా పనిచేస్తుంది.

ఫొటో తీయడం

ఉదయం ఎండ పక్కనుంచి పడుతున్నప్పుడు ఫొటో తీయండి. మిట్టమధ్యాహ్నపు ఎండలో నీడలు పొట్టిగా, కాండం చదునుగా కనిపిస్తుంది. సూర్యుడు చెట్టు వెనుక ఉంటే మొత్తం నల్లని ఆకారమే మిగులుతుంది. పక్క వెలుగులో కాండం ఒక వైపు తెల్లగా, మరో వైపు నల్లగా విడిపోయి, పాత మట్టలు రాలిన చోట మిగిలిన అడ్డగీతలు తేలి కనిపిస్తాయి. గౌడన్న చెట్టు మీద ఉండగా కేకేసి పిలవకండి. కిందికి దిగాక "అన్నా, రేపు నువ్వు ఎక్కేటప్పుడు ఒక ఫొటో తీసుకుంటా, బొమ్మ చెక్కుతా" అని చెప్పి ఒప్పించుకోండి.

ఆ ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే పరిమాణం తగ్గిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా కేబుల్‌తో కంప్యూటర్‌లోకి ఎక్కించండి.

కంప్యూటర్‌లో కొలత, రంగు తీసివేత

గింప్‌లో ఫొటో తెరిచి, క్రాప్ టూల్‌లో నిష్పత్తిని 3:4గా స్థిరపరచి, చెట్టు తలా గౌడన్న మొత్తం వచ్చేలా కత్తిరించండి. తర్వాత ఇమేజ్ మెనూలోని స్కేల్ ఇమేజ్‌లో రిజల్యూషన్ అంగుళానికి 300 పిక్సెళ్లు, వెడల్పు 15 సెంటీమీటర్లు, ఎత్తు 20 సెంటీమీటర్లు పెట్టండి. అప్పుడు బొమ్మ 1772 × 2362 పిక్సెళ్లవుతుంది. ఇలా చేస్తే తెర మీది కొలతకూ లినో మీది కొలతకూ సంబంధం కుదురుతుంది. 300 పిక్సెళ్ల లెక్కన ఒక మిల్లీమీటరు అంటే దాదాపు 12 పిక్సెళ్లు. కొత్తగా చెక్కేవారి చేతికి ఒక మిల్లీమీటరు కన్నా సన్నని గట్టు (చుట్టూ తవ్వగా మిగిలే ఎత్తు గీత) నిలవదు కాబట్టి, తెర మీద 12 పిక్సెళ్ల కన్నా సన్నగా ఉన్న నల్ల గీతను లావు చేయాలి, లేదా తీసేయాలి. ఈ ఒక్క లెక్క పాటిస్తే చెక్కేటప్పుడు పడే సగం ఇబ్బంది తప్పుతుంది.

ఇప్పుడు రంగు తీసివేయాలి. కలర్స్ మెనూలోని డీసాచురేట్ కింద మోనో మిక్సర్ అనే సాధనం ఉంటుంది. ఎరుపు, పచ్చ, నీలం మీటల్లో దేన్ని పెంచితే ఆ రంగు ఉన్న చోటు తెల్లబడుతుంది. పాలమూరు ఎర్రనేల మీద నిలబడ్డ చెట్టుకు ఇది ఎంతో ఉపయోగం. ఎరుపును 0.7 దాకా పెంచి, పచ్చను 0.2కు, నీలాన్ని 0.1కు దించితే నేల వెలుగు తేలుతుంది, ఆకాశం ముదురుతుంది. మీటలు ఎదురు తిప్పితే నేల నల్లబడి ఆకాశం తెల్లబడుతుంది. ఒకే ఫొటోలోంచి రెండు వేర్వేరు బొమ్మలు వస్తాయి, రెండూ దాచుకోండి. మన తాటిచెట్టుకు తెల్లని ఆకాశమే బాగుంటుందని నేను అనుకుంటాను, ఎందుకంటే ఆకుల చివర్లు ఆకాశం మీదే కనబడాలి.

త్రెషోల్డ్: అసలు ఆలోచన ఇక్కడే

త్రెషోల్డ్ అంటే ఒక సరిహద్దు సంఖ్య. 0 నుంచి 255 వరకు ఉన్న వెలుగు మెట్లలో ఆ సంఖ్య కన్నా కింద ఉన్నదంతా నలుపు, పైన ఉన్నదంతా తెలుపు అవుతుంది. నేరుగా దీన్ని వాడితే కాండం నిండా పొడిచినట్టు చిన్న చిన్న చుక్కలు వస్తాయి, వాటిని ఏ ఉలితోనూ చెక్కలేం. అందుకే ముందు ఫిల్టర్స్ మెనూలో గాసియన్ బ్లర్‌ను 3 నుంచి 5 పిక్సెళ్ల వరకు ఇచ్చి బొమ్మను కొద్దిగా మసకబార్చండి. ఆ తర్వాతే కలర్స్ మెనూలోని త్రెషోల్డ్ తెరవండి.

మొత్తం బొమ్మకు ఒకే సంఖ్య ఎప్పుడూ సరిపోదు. తల భాగంలో ఆకులు విడివిడిగా కనబడే సంఖ్య దగ్గర కాండం పూర్తిగా నల్లబడుతుంది, కాండం మీది అడ్డగీతలు కనబడే సంఖ్య దగ్గర ఆకులు మాయమవుతాయి. అందువల్ల మసకబార్చిన బొమ్మ పొరను మూడు సార్లు డూప్లికేట్ చేయండి. ఒక పొరలో ఆకులకు, రెండో దానిలో కాండానికి, మూడో దానిలో నేలకు తగిన సంఖ్య వెతకండి. ఒక్కో పొరకు లేయర్ మాస్క్ జోడించి, కావలసిన చోటు మాత్రమే కనబడేలా మాస్క్ మీద దాచాల్సిన చోట నలుపు, కనబడాల్సిన చోట తెలుపు పూయండి. చివరగా మూడింటినీ కలిపిన కొత్త పొర తయారుచేసుకోండి, పాత పొరలను మాత్రం తీసేయకండి.

ఈ దశ తర్వాత తెర మీద బొమ్మ దాదాపు పూర్తయినట్టు కనిపిస్తుంది. అప్పుడే గౌడన్న దగ్గరికి జూమ్ చేసి చూడండి. నడుముకూ చెట్టుకూ చుట్టిన మోకు కనిపించదు. మోకు రంగు, కాండం రంగు దాదాపు ఒకే మెట్టులో ఉండటం వల్ల త్రెషోల్డ్ ఆ రెండింటినీ కలిపి నల్లని ముద్ద చేసేస్తుంది. మోకు లేకపోతే ఆ మనిషి గాలిలో వాలినట్టుంటాడు, బొమ్మ అబద్ధమవుతుంది. దీనికి మందు చేతిగీతే. పెన్సిల్ టూల్ తీసుకుని, మోకు కాండం మీదుగా పోయే చోట 14 పిక్సెళ్ల తెల్లగీత గీయండి. అదే మోకు కాండం దాటి తెల్లని ఆకాశం మీదికి వచ్చిన చోట నల్లగీతగా మార్చండి. ఒకే తాడు అంచు దాటగానే తెలుపు నుంచి నలుపుకు మారుతుంది, చూసే కన్ను దాన్ని ఒకే తాడుగా చదువుకుంటుంది. అచ్చుకళలో ఇది ఎంతో పాత కిటుకు, దీన్ని పట్టుకుంటే లొట్టి, కాళ్లు, భుజాలు అన్నీ ఇదే తీరుగా విడదీయవచ్చు.

పుట్టపాకలో తేలియా రుమాలు నేసేవారు ఏ దారం మీదికి రంగు ఎక్కకూడదో ముందే నిర్ణయించి కట్లు కట్టినట్టే, ఇక్కడ సిరా ఎక్కకూడని చోటు ముందే తేల్చుకోవాలి. తేలికదనం కోసం ఆకాశంలో మబ్బులు, వెనుక పొలాలు, కరెంటు తీగలు అన్నీ తెల్లగా తుడిచేయండి. నేల మీద మాత్రం కొన్ని గడ్డి గీతలు ఉంచండి, లేకపోతే చెట్టు ఎక్కడా నాటుకోకుండా తేలిపోతుంది.

తిప్పాలా, వద్దా

అచ్చులో బొమ్మ ఎడమ కుడిగా తారుమారవుతుంది. కాబట్టి దిమ్మె (మనం చెక్కే లినో ముక్క) మీద బొమ్మ అద్దంలో కనిపించినట్టు ఉండాలి. అయితే కంప్యూటర్‌లో తిప్పాలా వద్దా అన్నది బొమ్మను దిమ్మె మీదికి ఎలా ఎక్కిస్తున్నారన్న దాని మీద ఆధారపడుతుంది, చాలామంది తికమకపడేది ఇక్కడే. లేజర్ ప్రింటు లేదా జిరాక్స్ తీసి, దాన్ని బోర్లా పెట్టి టోనర్‌ను (ప్రింటు మీది నల్లపొడిని) లినో మీదికి దింపితే అది దానంతటదే తారుమారవుతుంది, కనుక కంప్యూటర్‌లో తిప్పకూడదు. కాగితాన్ని వెల్లకిలా పెట్టి కింద కార్బన్ పేపర్ ఉంచి గీస్తే మాత్రం ముందుగా ఇమేజ్ మెనూ, ట్రాన్స్‌ఫార్మ్, ఫ్లిప్ హారిజాంటల్లీ వాడి తిప్పుకోవాలి. బొమ్మలో తెలుగు అక్షరాలుంటే ఈ దశలో రెండుసార్లు సరిచూసుకోండి.

టోనర్ దింపడానికి ప్రింటును బోర్లా పెట్టి టేపుతో బిగించి, దూదిని అసిటోన్‌లో తడిపి వెనుకనుంచి తుడుస్తూ చెంచాతో గట్టిగా రుద్దండి. ఇంక్‌జెట్ ప్రింటు ఈ పద్ధతికి పనికిరాదు. అసిటోన్ మంటకు త్వరగా అంటుకుంటుంది కాబట్టి పొయ్యికి దూరంగా, కిటికీలు తీసి చేయాలి. లినోకు బదులు నేలకు పరిచే వినైల్ షీటు వాడేవారు అసిటోన్ తాకించకూడదు, అది మెత్తబడి పాడవుతుంది. వారికి కార్బన్ పేపరే దారి. గీతలు దిగాక వాటిని నల్ల మార్కర్‌తో ఒకసారి దిద్దుకోండి.

చెక్కడం

నల్లగా ఉన్నదాన్ని ఉంచాలి, తెల్లగా ఉన్నదాన్ని తవ్వాలి. చదువుతుంటే చాలా తేలిక. చేయి మాత్రం పెన్సిల్ అలవాటుతో గీత మీదికే ఉలిని తీసుకుపోతుంది. కాబట్టి ఉంచవలసిన భాగం మీద మార్కర్ నలుపు కనబడుతూ ఉండాలి.

బల్ల అంచుకు ఆనేలా కింద ఒకటి, పైన ఒకటి చెక్కపట్టీలు మేకులు కొట్టిన పలక తయారుచేసుకుని, దిమ్మెను పై పట్టీకి ఆనించి చెక్కండి. పట్టుకున్న చేయి ఎప్పుడూ ఉలి వెనకే ఉండాలి. ఉలి ముందు చేయి పెట్టిన వేళే గాయాలవుతాయి. వంపు గీతల దగ్గర చేతిని తిప్పకుండా దిమ్మెనే తిప్పండి. ముందు వి ఉలితో నల్ల ఆకారాల అంచుల వెంబడి సన్నని గాడి తీసి, తర్వాత యు ఉలితో పెద్ద ఖాళీలు తవ్వండి. లోతు ఒక మిల్లీమీటరు, ఒకటిన్నర మిల్లీమీటర్లు చాలు, గోనె బట్ట బయటపడేదాకా పోకూడదు. గట్ల గోడలు బయటికి వాలుగా ఉండాలి, లోపలికి తొలిస్తే గట్టు విరిగిపోతుంది.

కాండం మీద మోకును తెల్లగీతగా చెక్కడానికి వి ఉలితో ఒక్క లాగుడు చాలు. ఆకాశం మీది మోకు మాత్రం గట్టుగా నిలవాలి, దానికి రెండు పక్కలా తవ్వాలి. అంచు దగ్గర తెల్లగీత ఆగే చోటుకూ గట్టు మొదలయ్యే చోటుకూ మధ్య ఎడం రాకుండా చూసుకోండి. తాటాకుల్లో మధ్య నుంచి చివరికి ఉలి లాగితే చివర్లు వాటంతటవే సన్నబడతాయి.

చలికాలంలో లినో గట్టిపడుతుంది. కాసేపు ఎండలో పెడితే వెన్నలా కాకపోయినా సులువుగానే తెగుతుంది. బలవంతంగా తోయవలసి వస్తోందంటే ఉలి మొద్దుబారినట్టే, సానరాయి మీద పదును పెట్టండి. పని మధ్యలో దిమ్మె మీద పలుచని కాగితం పరచి మెత్తని పెన్సిల్‌తో రుద్దితే అచ్చు ఎలా రాబోతోందో సిరా లేకుండానే తెలుస్తుంది.

సిరా, అచ్చు

గాజు పలక మీద బఠాణీ గింజంత సిరా వేసి రోలర్‌ను అటూ ఇటూ నడపండి. సిరా ఎక్కువైతే రోలర్ జారుతుంది, తక్కువైతే శబ్దమే రాదు. సరిపడా ఉన్నప్పుడు పల్చటి సర్‌ర్ మనే చప్పుడు వస్తుంది, సిరా పైభాగం మఖమల్‌లా కనిపిస్తుంది. దిమ్మె మీద ఒక్కసారిగా మందంగా పూయకుండా, పల్చగా మూడు నాలుగు విడతలు వేయాలి. సన్నని గాడులు సిరాతో పూడిపోయేది మందపు పూతలోనే.

అట్టముక్క మీద దిమ్మె ఉండే చోటు, కాగితం ఉండే చోటు గీతలుగా గుర్తుపెట్టి, దిమ్మె మూలకు ఎల్ ఆకారంలో అట్టపట్టీ అంటించండి. దిమ్మెను అందులో ఆనించి, కాగితాన్ని గీతల మీద నెమ్మదిగా దించి, ఒక చేత్తో కదలకుండా అదిమి, చెక్క గరిటె వీపుతో చిన్న చిన్న చక్రాలుగా రుద్దండి. పూర్తయిందనిపించాక ఒక మూల మాత్రమే ఎత్తి చూడండి. పల్చగా ఉంటే మళ్లీ దించి రుద్దవచ్చు, పూర్తిగా లేపేశాక ఆ అవకాశం ఉండదు.

మొదటి అచ్చును పరీక్షగా తీసుకోవాలి. నలుపు మీద తెల్ల నలకలు కనిపిస్తే సిరా తక్కువ, లేదా రుద్దడం తక్కువ. గాడులు పూడితే సిరా ఎక్కువ. ఆకాశంలో ఉలి గుర్తుల నల్లచారలు వస్తాయి, వాటిని అన్నీ చెరపాలనుకోకండి. అవి చెట్టు వైపు దారి తీస్తున్నాయో, అడ్డం వస్తున్నాయో చూసి, అడ్డం వచ్చేవాటినే తవ్వండి. ఆ పరీక్ష అచ్చును ఫొటో తీసి గింప్‌లోకి ఎక్కించి, పైన కొత్త పొరలో ఎర్రటి గీతలతో ఇంకా ఎక్కడ తవ్వాలో గుర్తుపెట్టుకోండి. దిమ్మె మీద ఒకసారి తీసింది తిరిగి రాదు కాబట్టి, ప్రతి కోతనూ ముందు తెర మీద చేసి చూడటం ఎంతో మేలు.

రెండో రంగు

తేలియా రుమాలులో ఎరుపు, నలుపు, తెలుపు మూడే రంగులుంటాయి. మన బొమ్మకూ ఆ మూడే చాలు. గింప్‌లో త్రెషోల్డ్‌కు ముందు మసకబార్చిన పొర మీద, కలర్స్ మెనూలోని పోస్టరైజ్‌ను 3 మెట్లకు పెడితే బొమ్మ తెలుపు, బూడిద, నలుపుగా విడిపోతుంది. ఆ బూడిద భాగం ఎరుపవుతుందని అనుకోండి. ఒకే దిమ్మెతో చేసే రిడక్షన్ పద్ధతిలో ముందు కాగితం తెలుపుగా ఉండాల్సిన చోట్లు మాత్రమే తవ్వి, అన్ని కాగితాల మీదా ఎరుపు అచ్చు వేయాలి. తర్వాత ఎరుపుగా మిగలాల్సిన చోట్లు తవ్వి, అవే కాగితాల మీద నలుపు వేయాలి. నలుపు వేసేనాటికి ఎరుపు దిమ్మె ఇక లేదు, కనుక ఎన్ని ప్రతులు కావాలో మొదటే నిర్ణయించి, చెడిపోయేవాటి కోసం నాలుగైదు కాగితాలు అదనంగా ఎరుపు వేసుకోవాలి. నూనె సిరా పూర్తిగా ఆరాకే రెండో రంగు వేయాలి, వానాకాలంలో దీనికి ఎక్కువ రోజులు పడుతుంది.

స్క్రీన్ ప్రింటింగ్ గురించి క్లుప్తంగా

పెళ్లి పత్రికలు అచ్చువేసే స్క్రీన్ ప్రింటింగ్ దుకాణాలు మన పట్టణాల్లో ఉన్నాయి. అదే గింప్ బొమ్మను పారదర్శక ఫిల్మ్ మీద దట్టమైన నలుపులో ప్రింటు తీసి ఇస్తే వారు వెలుగు సాయంతో ఆ బొమ్మను స్క్రీన్ మీదికి దింపి (ఎక్స్‌పోజ్ చేసి) ఇవ్వగలరు. ఇక్కడ బొమ్మ తారుమారు కాదు, సిరా స్క్రీన్ గుండా నేరుగా దిగుతుంది. బూడిద మెట్లు కావాలంటే ఫిల్టర్స్, డిస్టార్ట్స్ కింద ఉన్న న్యూస్‌ప్రింట్‌తో వాటిని చుక్కలుగా మార్చాలి. చుక్కలు మరీ సన్నగా ఉంటే జాలీలో నిలవవు. ఇంట్లో ఎమల్షన్ (స్క్రీన్ మీద పూసే, వెలుగుకు గట్టిపడే పూత) కలిపేవారు డైక్రోమేట్ పొడిని చేత్తో ముట్టుకోకూడదు, అది విషపదార్థం. డయాజో రకం ఎమల్షన్ దానికన్నా క్షేమం.

సంఖ్య, సంతకం, శుభ్రం

అచ్చు కింద అంచులో పెన్సిల్‌తో ఎడమ పక్క ప్రతి సంఖ్య, మధ్యలో బొమ్మ పేరు, కుడి పక్క సంతకం, సంవత్సరం రాయడం రివాజు. పన్నెండు ప్రతుల్లో మూడోది అయితే 3/12 అని రాయాలి. పరీక్ష అచ్చులను ఈ లెక్కలో కలపకూడదు. మొదటి మంచి ప్రతి గౌడన్న ఇంటికి చేరాలని నేను కోరుకుంటాను.

రోలర్, గాజు, దిమ్మె మీది సిరాను ముందు పాత గుడ్డతో తుడిచి, తర్వాత వంటనూనెతో కరిగించి, చివరగా సబ్బు నీటితో కడగండి. నూనె సిరా పీల్చుకున్న గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి, లోపల వేడి పుట్టి తమంతట తామే అంటుకునే ప్రమాదం ఉంది. వాటిని నీటిలో తడిపి మూత ఉన్న డబ్బాలో వేయండి, లేదా విడివిడిగా పరచి ఆరబెట్టండి. దిమ్మెను ఎండ తగలని చోట, బొమ్మ భాగం మీద పలుచని కాగితం కప్పి, బోర్లా కాకుండా పడుకోబెట్టి దాచుకోండి.

లినో మీద చేయి కుదిరాక ఎచింగ్, లితోగ్రఫీ (రాతి మీద గీసి తీసే అచ్చు) వైపు వెళ్లాలనుకునేవారికి ఇంట్లో సాధ్యం కాని ప్రెస్సు, యాసిడ్ గది అవసరమవుతాయి. దానికి హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ, గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయపు సరోజినీ నాయుడు స్కూల్ ప్రవేశ ప్రకటనలను గమనిస్తూ ఉండండి. దరఖాస్తు చేసుకునేటప్పుడు అచ్చులతో పాటు పరీక్ష ప్రతులను, వాటి మీద దిద్దిన గింప్ పొరల ప్రింట్లను కూడా తీసుకెళ్లండి. బొమ్మ ఎలా ఆలోచించారో చూపించేది అవే.